వదిన బిగించిన తీగలు

గొట్టంలో నీళ్లూ గాలీ కలిసి పరుగెడుతుంటే, అందులో గాలి ఎంత, నీళ్లెంత అని కొలవడం ఆమె ఉద్యోగం. పైనుంచి చూస్తే నురగ తప్ప ఏమీ తెలియదు. అందుకని వెంట్రుకంత సన్నటి తీగల్ని రెండు వరసలుగా, ఒకటి నిలువు, ఒకటి అడ్డం, గొట్టం మధ్యలో జల్లెడలా బిగిస్తారు. వరసలు దగ్గరగా ఉండాలే గానీ తగలకూడదు. రెండు తీగలు దాటుకునే చోట నీళ్లుంటే కరెంటు పారుతుంది, గాలి ఉంటే ఆగిపోతుంది. ఆ జల్లెడ అల్లడంలో ఆమెది తిరిగిన చెయ్యి.

అలాంటిది, కొత్త జల్లెడ సగంలో ఉండగా ల్యాబులో తడినేల మీద జర్రున జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. జల్లెడని గొట్టంలో పెట్టి పరీక్షించే రోజు చూస్తే ముంచుకొస్తోంది. జల్లెడ చట్రాన్ని ఇంటికి తెచ్చుకుని ఎడమచేత్తో కుస్తీ పడుతుంటే, వంటసాయానికి వచ్చిన మొగుడి అక్క తొంగిచూసింది. పెళ్లినాటినుంచీ ఇద్దరి మధ్యా అంతంత మాత్రమే.

"ఇదేంటమ్మాయ్, గుండ్రటి బ్యాటా?"

ఆటవస్తువుల షాపులో బ్యాడ్మింటన్ బ్యాట్లు అల్లడం వదిన పని మరి.

"అలాంటిదే వదినా. కాకపోతే బంతిని కాదు, బుడగల్ని పట్టాలి."

"ఇలా తే."

మొదటి తీగ టప్పున తెగింది. రెండోదీ అంతే.

"మెల్లగా వదినా. అలాగని వదులైనా కష్టమే. నీటి వేగానికి వంగి పక్క వరసకి తగిలిందంటే, గాలి ఉన్నచోట కూడా నీళ్లేనని అబద్ధం చెబుతుంది."

"అబద్ధాలా! అయితే మా తమ్ముణ్ణి వదిలినట్టు వదులుగా వదిలేస్తే కుదరదు, బిగించాల్సిందే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఈమె చెప్పడం, వదిన లాగడం. మధ్యలో వదిన తలెత్తకుండానే అంది: "నాతో మాట్లాడ్డం నీకు నామోషీ అనుకున్నానే ఇన్నాళ్లూ."

"అయ్యో, మీరంటే భయం వదినా నాకు!"

పరీక్షరోజు వదినని వెంటబెట్టుకుని ల్యాబుకి వెళ్లింది. మోటారు వెయ్యగానే కంప్యూటర్ తెరమీద బుడగలు తేలాయి, చిన్నవి గోడవారగా, పెద్దవి నడిమధ్యగా. ఒక పక్క మాత్రం ఏమీ చూపించకుండా మొరాయించింది. "అది నేను పాడుచేసిందే," అని వదిన నాలిక్కరుచుకుంది. ల్యాబు పెద్ద మేడమ్ నవ్వి, ఆ పక్కని లెక్కలోంచి తీసేయించి, మిగతాది భేషుగ్గా ఉందన్నారు.

బస్సులో వదిన వేళ్లమీద తీగ కోసిన సన్నటి గీతలు కనిపించాయి ఆమెకి. కట్టులేని చేత్తో ఆ చేతిని పట్టుకుంది. ఆ గీతల్ని బొటనవేలితో మెల్లగా నిమిరింది.

"ఊరుకోవే," అంది వదిన. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.