సమ్మక్క మణికట్టు

ఆ ఏడు ఆబిడ్స్‌లో మిద్దెల మీద మిద్దెలు లేచాయి. సిమెంటుకు పర్మిట్ దొరకనివాళ్లు పాత పద్ధతిలో, గానుగలో తిప్పిన డంగు సున్నంతోనే పైకప్పులు వేయించుకున్నారు. ఇటుక కంకరా సున్నమూ కలిపి పరిచిన కప్పు మీద ఆడవాళ్లు వరుసగా గొంతుక్కూర్చుని, చేతి చెక్కలతో రోజుల తరబడి కొడతారు. సున్నం ఆరేలోపు కప్పంతా రాయిలా బిగుసుకోవాలి. దాన్ని గచ్చు కొట్టడం అంటారు.

వరుసకు ఒకామె ముందుంటుంది. పాట ఆమెదే, మొదటి దెబ్బ ఆమెదే. ఆమె చెక్క పడకముందు ఇంకెవరి చెక్కా పడదు. పడితే ఆమెను కాదన్నట్టు. నాంపల్లి అడ్డా మీద పొద్దున్నే కూలి కోసం నిలబడే ఆడవాళ్లలో ఆ చోటు సమ్మక్కది. మెదక్ వైపు నుంచి తనను వెంట తెచ్చిన మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి స్టేషన్ వెనక ఒక రేకుల గుడిసె, వరుసలో ఆ ముందు చోటు. పని ఉన్ననాడు రాజయ్య మేస్త్రి ఆమెను పిలుస్తాడు, తక్కినవాళ్లను ఆమె పిలుస్తుంది. ఆ చోటు పోతే ఆమెను పిలిచేవాళ్లుండరు.

తన వయసెంతో సమ్మక్కకు తెలియదు. ఒంటికి తెలిసింది. ముందుగా మోకాళ్లకు. ఆమె లేచాక చాలాసేపటి దాకా అవి నిద్రలోనే ఉండేవి. గోడ పట్టుకుని వాటిని లేపుకునేది. ఒకప్పుడు భుజం దగ్గర కుట్లు పిగిలిపోయే రవికె చేతిలోకి ఇప్పుడు గాలి దూరి తిరుగుతోంది. ఆ తర్వాత కుడి మణికట్టు. చెక్క ఎత్తినప్పుడల్లా లోపల ఎండుటాకు నలిగినట్టు చప్పుడు. ఆ చప్పుడు ఆమెకొక్కదానికే వినిపించేది.

నాంపల్లి సందులో మిషన్ వాళ్ల చిన్న దవాఖాన ఒకటుంది. అక్కడి నర్సు జ్ఞానమణి ఆ మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది జబ్బు కాదమ్మా. ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటి పొర ఉంటుంది. నీకది అరిగిపోయింది."

"మళ్ల రాదా?"

"ఒళ్లంతా కంటికి కనిపించని కణాలే, గోడలో ఇటుకల్లాగ. పాతవి పోతుంటే కొత్తవి పుడుతుంటాయి. వయసు పైబడితే పోయేవి ఎక్కువ, పుట్టేవి తక్కువ. కండ కరుగుతుంది. ఎముక లోపల డొల్లవుతుంది."

"ఇటుక రాలితే మేం సున్నం పెడతం నర్సమ్మా. మీ దగ్గర గట్లాంటిదేం లేదా?"

జ్ఞానమణి నవ్వలేదు. వేడి కాపడం పెట్టుకోమంది. చేతికి కొన్నాళ్లు విశ్రాంతి ఇమ్మంది.

"చేతికి విశ్రాంతి ఇస్త. మరి నోటికేమియ్యాలె?" అని సమ్మక్క కొంగు దులుపుకుని లేచింది.

ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం మీద కప్పు పని మొదలైంది. మొదటిరోజు ఎలాగో గడిచింది. రెండోరోజు ఎండ ముదిరేసరికి మణికట్టు మొరాయించింది. సమ్మక్క పాటను సాగదీసింది. చరణం చివర ఒక దీర్ఘం, ఆ దీర్ఘం చివర ఒక ఊపిరి, ఆ ఊపిరి చివర దెబ్బ. పాట నీడపట్టున నడిచే ముసలి ఎద్దులా నడిచింది.

పక్కనున్న జంగమ్మ నవ్వింది. "అక్కా, గచ్చు కొడ్తున్నమా, పోరగాన్ని పండవెడ్తున్నమా?"

"ఎండ జూస్తలేవా. జర మెల్లగ కానీ."

జంగమ్మ చెయ్యి సమ్మక్క చెయ్యి కోసం గాలిలో ఆగేది. వరుసలోని చేతులన్నీ ఆగేవి. అది ప్రేమో, భయమో, అలవాటో. ఎండ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. సున్నం ఆరుతూనే ఉంది.

కొట్టడం అయిపోయాక రాజయ్య మేస్త్రి కప్పు మధ్యలో దోసెడంత గుంట తవ్వి బెల్లం నీళ్లు పోశాడు. గచ్చు బిగుసుకుంటే నీళ్లు నిలుస్తాయి. అతను బీడీ ముట్టించుకుని పక్కన కూర్చున్నాడు. బీడీ సగం కాలకముందే గుంట అడుగు కనిపించింది. ఇంకోచోట తవ్వాడు. అక్కడా అంతే.

"ఏందిది సమ్మక్కా. కప్పేసినవా, జల్లెడేసినవా?"

"సున్నమే మంచిగ లేదు మేస్త్రీ. గానుగల సక్కగ తిరగలే."

"తిప్పిచ్చింది నేను. కింద కూసొని చప్పుడిన్నది గూడ నేను. రెండు దినాల సంది గీ దెబ్బ దెబ్బ లెక్క లేదు." అతను జంగమ్మ వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పొద్దానే?"

జంగమ్మ తల వంచుకుంది. "ఆమె చెక్క వడకముందు మేమెట్ల కొడ్తం?"

అబద్ధం కాదు. చాడీ కాదు. సమ్మక్క తానే వాళ్లకు నేర్పిన మర్యాద అది. ఆ ఒక్క మాటతో ఆమె చోటు పోయింది.

"గడ్డపార్లు వట్టి అంత పగలగొట్టుర్రి" అన్నాడు రాజయ్య. "మళ్ల పరిపిస్త. ఈసారి ముందట జంగమ్మ కూసుంటది."

"మరి నేను?"

"ఇంటికాడ కూసో. గీ వయసుల నీకెందుకీ తిప్పలు."

"అక్క కొసకు కూసుంటది లే మేస్త్రీ. వరుస నిండాలె గద" అంది జంగమ్మ. దయతోనే అంది. అందుకే అది మేస్త్రి మాట కన్నా లోతుగా దిగింది.

కొత్త గచ్చు మీద జంగమ్మ పాట పరిగెత్తింది. వయసులో ఉన్న గొంతు, వయసులో ఉన్న చెయ్యి. వరుస కొసన సమ్మక్క చెక్క అందరి దెబ్బ పడ్డాక, ఒంటరిగా, ఆలస్యంగా పడింది. ఇంకోసారి పడింది.

"ఎవరిదే అది, ఎనుక పడ్తున్నది?" కింది నుంచి రాజయ్య గొంతు.

ఆడవాళ్లు ఆమె వైపు చూడకుండా ఉండటానికి గచ్చు వైపు చూశారు.

ఆ తర్వాత సమ్మక్క అందరితో పాటు చెక్క ఎత్తింది, అందరితో పాటు దించింది. సున్నానికి వేలెడు పైన ఆపేసింది. తాకనివ్వలేదు. చెక్కను పడనివ్వడానికి పెద్దగా కండ అక్కర్లేదు. ఆపడానికి కావాలి. మణికట్టులో నొప్పి మోచేతి దాకా పాకి, భుజం ఎక్కి, మెడ కింద కూర్చుంది. ఆమె పెదవులు పాటతో కదులుతూనే ఉన్నాయి.

రాజయ్య నిచ్చెనెక్కి పైకి వచ్చాడు. నడుం మీద చేతులు పెట్టుకుని వరుసంతా చూశాడు.

"గిప్పుడు ఒక్కటే చప్పుడు" అన్నాడు. "గిట్ల కొట్టాలె."

జంగమ్మ ఇంకో చరణం ఎత్తుకుంది. సమ్మక్క ముందున్న జానెడు గచ్చు ఎవరి దెబ్బా తగలక, మెత్తగా, ఎండలో ఆరుతోంది.