బస్టాండులో పెంచిన జీతం

ఈ రోజు ఆత్మకూరు బస్టాండులో నా కాలేజీ స్నేహితురాలు విమల కనబడింది. నా పక్కనే మా నాయన, స్కూలు నీళ్ల మోటారుకు కొన్న కొత్త బెల్టు భుజాన వేసుకుని, ఉదయగిరి బస్సు కోసం చూస్తున్నారు. మా ఊరి మిషన్ స్కూల్లో మోటారు, కరెంటు, గదుల తాళాలు అన్నీ ఆయనే చూసుకుంటారు.

"మా బావ హైదరాబాదులో ఫెసిలిటీస్ మేనేజరు. కంపెనీ బిల్డింగు, కరెంటు, నీళ్లు అన్నీ ఆయన కిందే. నెలకు ఎనిమిది వేలంట," అనింది విమల.

"మా నాయనదీ అదే పని. ఈడ ఐదు వేలిస్తారు," అన్నాను. నాయనకు వచ్చేది పన్నెండు వందలు.

"అయితే అంకుల్ మాకు కూల్‌డ్రింకులు ఇప్పించాల్సిందే."

నాయన నా వైపు చూడలేదు. బెల్టును సంచిలో పెట్టేసి, నడుముకు వేలాడే తాళాల గుత్తిని చొక్కా కిందికి తోసి, వెళ్లి రెండు కూల్‌డ్రింకులు తెచ్చారు. తనకు దాహం లేదన్నారు.

బస్సెక్కాక మాత్రం నవ్వారు. "స్కూలు కమిటీవాళ్లు ఇన్నేండ్లుగా పెంచని జీతం నువ్వు బస్టాండులోనే పెంచేసినావే పాపా. రేపు ఆ మాటేదో వాళ్లకి గూడా చెప్పరాదా?"

ఉదయగిరి వచ్చేదాకా నేను కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. మీలో ఎవరైనా నాయన జీతం ఇలా పెంచి చెప్పారా? చెప్పి ఉంటే, ఆ రాత్రి ఆయన పక్కన కూర్చుని అన్నం ఎలా తిన్నారో కాస్త చెప్పండి. మా అమ్మ పిలుస్తోంది.