పెత్రామాస నాటి సర్వర్

చిన్నది, మా పాప, నిద్రపోయింది. కోరుట్లలో మా అత్తగారింట్లో, దాని పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో ఓ పక్క జగిత్యాల సర్వర్ తెరిచే ఉంది. రెండు వాక్యాలు రాయడం, దాన్ని చూడటం.

నాది హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం, ఇంటి నుంచే. ఒక బట్టల వ్యాపారికి జగిత్యాలలో పెద్ద దుకాణం, కోరుట్లలో చిన్న దుకాణం, సిరిసిల్లలో మరమగ్గాల కార్ఖానా ఉన్నాయి. వాళ్ల బిల్లులు నడిచే లినక్స్ సర్వర్ బాగోగులు రెండు మూడు నెలలుగా నేను చూస్తున్నాను. పోయిన నెల ఒకరోజు, అంతకుముందు నెల ఒకరోజు అది బిగుసుకుపోయింది. రీస్టార్ట్ చేస్తే కాసేపు నడిచి మళ్లీ ఆగేది. మర్నాటికి దానంతటదే బాగయ్యేది. ఎందుకో నేను చెప్పలేకపోయాను. "ఇంకోసారి ఇలా అయితే ఇంటి నుంచి కుదరదమ్మా, హైదరాబాద్ వచ్చెయ్యాలి" అన్నారు మా మేనేజర్.

సిరిసిల్లలో పని దొరక్క మా ఆయన దుబాయి పోయారు. అక్కడా పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. ఇప్పుడు నేనూ పోతే చిన్నదానికి ఇద్దరం ఫోన్‌లో కనిపించే మనుషులమే అవుతాం. దానికింకా మాటలే సరిగా రాలేదు.

ఈ రోజు పెత్రామాస, పెద్దల అమావాస్య, బతుకమ్మ మొదలయ్యే రోజు. పొద్దున చిన్నదానికి అన్నం పెడుతుంటే జగిత్యాల దుకాణంలో కౌంటర్ చూసే ఆయన ఫోన్ చేశాడు.

"మల్ల ఆగింది మేడం. ఆడోళ్లు చీరలు పట్టుకొని లైన్ల నిలవడ్డరు. ఒకామె అయితే 'ఏందయ్యా, మీ కంపూటర్ గూడ ఒక్కపొద్దున్నదా' అని అడుగుతున్నది."

కంప్యూటర్‌కు ఉపవాసమన్న మాటకు నాకు నవ్వు రాలేదు. చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. చిన్నది ఏడుపు అందుకుంది. అత్తమ్మ వచ్చి ఎత్తుకుంది. "నువ్వు జూస్కో బిడ్డా, దీన్ని నేను వాకిట్లకు తీస్కపోత."

కొత్తగా లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ తీసుకుని ఊరుకుంది. పోయినసారి అలాగే ఇరుక్కున్నాను కాబట్టి ఈమధ్య ఒక విండో ఎప్పుడూ తెరిచే ఉంచుతున్నాను. అందులోంచి వెతికాను. డిస్క్ నిండలేదు. మెమరీ ఉంది. సర్వర్‌కు పనే లేదు, కానీ ఏదీ కదలడం లేదు. చివరికి లాగింగ్ సర్వీసు దగ్గర ఆగాను. ఎవరు లోపలికి వచ్చారు, ఏ బిల్లు పడింది, అన్నీ రాసిపెట్టేది అదే. అది రాసుకోకపోతే బిల్లు ముందుకు పోదు, లాగిన్ కూడా అవదు. రాసిన ప్రతి ముక్కకూ ఒక కాపీ సిరిసిల్ల కార్ఖానాలో ఉన్న పాత కంప్యూటర్‌కు పంపాలని నాకంటే ముందు పనిచేసినవాళ్లు వెళ్లేముందు పెట్టారు. అటు నుంచి జవాబు లేదు. పంపాల్సినవి పేరుకుపోయి, ఇక చోటు లేక సర్వీసు బిగుసుకుపోయింది.

కార్ఖానా చూసుకునే పెద్దాయనకు ఫోన్ చేశాను. మా అమ్మగారిల్లు సిరిసిల్లే. ఆయన నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును.

"కాకా, కార్ఖానల కరెంటు లేదా?"

"ఇయ్యాల అమాస గదనే! సాంచాలు బంద్. మెయిన్ తీసేసి ఇంటికచ్చిన."

"ప్రతి అమాసకు తీస్తవా?"

"తియ్యకపోతే? నువ్వు సిరిసిల్ల బిడ్డవేనా, కోరుట్లకు పోయి అన్నీ మర్శినవా?"

అమాస నాడు సాంచా, అదే మరమగ్గం, ముట్టరని నాకు తెలియక కాదు. మా నాన్న కూడా ఆ రోజు సాంచా దగ్గరికి పోయేవాడు కాదు. మూలకు పెట్టిన కంప్యూటర్ కూడా ఆ లెక్కలోకి వస్తుందని నాకు తట్టలేదు.

"ఒక్క కంప్యూటర్ కోసం మెయిన్ ఎయ్యరాదా కాకా, నా నౌకరి పోయేటట్టున్నది."

"మెయిన్ ఏస్తే సాంచాలకు గూడ కరెంటు అస్తది. పెత్రామాస పూట నాతోని గా పని చేపియ్యకు బిడ్డా."

ఇంక బతిమాలలేదు. చేసేదేదో నా వైపే చెయ్యాలి. అటువైపు ఎవరూ లేకపోతే కాపీని ఇక్కడే డిస్క్‌లో దాచిపెట్టి ముందుకు పొమ్మని నాలుగు లైన్లు రాశాను. బిగిసిన సర్వీసు మామూలుగా ఆపితే ఆగలేదు. బలవంతంగా చంపాలి. ఆ కమాండ్ కొట్టి, ఎంటర్ నొక్కడానికి వేలు రాలేదు. నేను రాసిన దాంట్లో తప్పుంటే పండగ గిరాకీ అంతా నా మీద పడుతుంది. వాకిట్లో చిన్నది ఏదో చూసి కేరింతలు కొడుతోంది. నొక్కాను.

సర్వీసు లేచింది. కాసేపటికి ఫోన్ మోగింది. "పడుతున్నయి మేడం, బిల్లులు పడుతున్నయి!"

కారణం రాసి మేనేజర్‌కు పంపాను. ఆయన ఫోన్ చేశారు. "అమావాస్య వల్ల అని క్లయింట్‌కు రిపోర్ట్ ఇవ్వమంటారా?"

"కరెంటు తీసేయడం వల్ల అని రాయండి సార్. ఏ రోజు తీస్తారో నేను ముందే చెప్పగలను."

"సరే, ప్రస్తుతానికి అక్కడి నుంచే చూడండి" అన్నారు.

అత్తమ్మ గడపలో నిలబడి ఉంది, చిన్నదాన్ని చంకలో వేసుకుని. "ఏమన్నడు, రమ్మన్నడా?"

"రమ్మనలేదు అత్తమ్మా."

"మరి గట్ల మొకం పెట్టినవేంది?"

ప్రస్తుతానికి అన్న మాటను ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెయ్యి చాపి చిన్నదాన్ని తీసుకున్నాను.

కార్ఖానాలో కరెంటు ఇంకా లేదు. బిల్లులు మాత్రం సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగలేదు. వచ్చే అమాస దీపావళి, ఆ రోజు కూడా మెయిన్ తీస్తారు. కనీసం అప్పటిదాకా ఇక్కడే ఉంటాను.