నది కింద నూకరాజు

మొన్న నరసన్నపేట బజారులో మేకుల కోసం ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లాను. కొట్టువాడు ఎవరికోసమో తారు పట్టించిన మోకు చుట్ట విప్పుతున్నాడు. ఆ వాసన తగలగానే నేనెందుకొచ్చానో మరచిపోయాను. తడి ఇనుమూ, బొగ్గుపొగా, చలీ కలిసిన ఒక రేవుగాలి ఆ మోకులోంచి లేచి నా మొహానికి కొట్టింది. "ఏటి సూరిబాబూ, అలగ నిలబడిపోనావు?" అన్నాడు కొట్టువాడు. "నూకరాజు వచ్చాడు" అన్నాను. నేను కోతలరాయుణ్ణని ఊరందరికీ తెలుసు గనక అతను నవ్వి ఊరుకున్నాడు.

నూకరాజుది కళింగపట్నం దగ్గర చేపలు పట్టేవాళ్ల పేట. నాది వరిపొలాల మధ్య ఊరు. పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఇద్దరికీ విశాఖపట్నం రేవులో ఒకే ఓడ మీద పని దొరికింది. మా కొండల్లోని మాంగనీసు రాయిని యూరప్‌కు మోసే ఓడ అది. అతనిది పైన మోకుల దగ్గర పని, నాది కింద వంటగదిలో ఉల్లిపాయలు తరిగే పని. నాకంటే నాలుగేళ్లు పెద్ద. వరస ఏమీ లేకపోయినా బావా అనేవాణ్ణి. అతనికి చదువు రాదు. ఆ ఉద్యోగం కోసం రేవు గేటు ముందు రెండేళ్లు నిలబడ్డాడు. ఇంటి దగ్గర ముగ్గురు తమ్ముళ్లు అతని మీద ఆధారపడి బడికి వెళ్తున్నారు.

హాంబర్గ్‌లో సరుకు దింపుతుండగా మాకు మూడు రోజులు సెలవిచ్చారు. మా పనివాళ్ల మీద పెద్ద సరంగు భీమిలి మనిషి. "మూడోనాడు నాలుగ్గంటలకి ఓడ కదుల్తాది. రాపోతే మీ పెట్టెలు గట్టు మీద పడేసి ఎల్లిపోతాం. మళ్లీ ఏ ఓడా ఎక్కించుకోదు" అన్నాడు. మేము గోనెగుడ్డ సంచులు వీపుకు కట్టుకుని, వాటిలో కంబళ్లూ అటుకులూ నూకరాజు ఎండుచేపలూ కుక్కుకుని బయలుదేరాం. ధైర్యం నాది. ఓడలో దొరికిన పుస్తకంతో జర్మన్ నేర్చేసుకున్నాననీ, ఆ ఊరి పటం నా బుర్రలో ఉందనీ అప్పటికే నెల రోజులుగా చెబుతున్నాను.

ఓడ నదికి ఇవతల, ఊరు అవతల. రేవు కూలీల వెనకే వెళ్లి ఒక గుండ్రటి కట్టడంలోకి దూరాం. అక్కడ లారీ పట్టేంత చెక్కగది ఉంది. సైకిళ్లు, ఒక కారు, కూలీలు, మేము అందులోకి ఎక్కాక తలుపు మూసుకుని గది కిందికి దిగడం మొదలుపెట్టింది. అది ఎంతకీ ఆగదు. చివరికి తెరుచుకునేసరికి ఎదురుగా తెల్లటి పలకలు పొదిగిన గుండ్రటి సొరంగం, కంటికి ఆననంత పొడుగు.

"పైన ఏటున్నాది రా?" అని మెల్లగా అడిగాడు నూకరాజు.

"నది బావా. నది మీద ఓడలు."

అతను గోడవారకు వెళ్లి, కూర్చుని, బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ఇదేమిటన్నాను. "తెప్ప ఎక్కీటప్పుడే సెప్పులు ఇప్పీస్తాం. ఇక్కడ ఆ తల్లి నెత్తి మీదున్నాది. బూట్లేసుకుని ఎలగ నడుస్తాన్రా" అన్నాడు. ఆ చలిలో, వట్టి కాళ్లతో, బూట్లు చేత్తో పట్టుకుని నడిచాడు. గోడకు అక్కడక్కడ చేపల బొమ్మలు పొదిగి ఉన్నాయి. ఒక్కోదాని దగ్గరా ఆగి దాని పేరు చెప్పాడు. ఒకచోట అరచెయ్యి గోడకు ఆనించి, "ఇన్నేళ్లు నీటి మీద బతికినాను. అడుగునుంచి సూస్తాననుకోనేదు" అన్నాడు. ఎదురుగా వస్తున్న ముసలి కూలీ ఒకడు అతని కాళ్ల వైపు, మొహం వైపు చూసి, నెత్తిమీది టోపీ తీసి చేత పట్టుకుని వెళ్లాడు. నా కోతల పట్టీలో లేని సంగతి ఇది.

ఆ ఊళ్లో రెండు రోజులు నేను దుకాణాల అద్దాలు చూస్తే, అతను ఊరిని చూశాడు. మెడ నొప్పి పుట్టే ఎత్తున్న చర్చీలు, వీధి మీదుగా ఇనప వంతెనలెక్కి గాలిలో వెళ్లే రైళ్లు. యుద్ధంలో కాలి నల్లబడిన గోపురం ఒకటి అలాగే నిలబెట్టి ఉంచారు. "మరిసిపోకుండా ఉంచినారు కామాల" అని చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. సముద్రం మీద వాళ్లు ఒడ్డున ఉన్న కొండనూ దాని ముందరి తాడిచెట్టునూ ఒకే గీతలోకి తెచ్చుకుని వల వేసిన చోటు గుర్తుపెట్టుకుంటారు. ఇక్కడ చిలుముతో పచ్చబడ్డ రాగి గోపురాన్నీ ఫ్యాక్టరీ గొట్టాన్నీ అలాగే కలుపుకున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా వెనక్కి తిరిగి పది అడుగులు వెనక్కే నడిచేవాడు. "ఎల్లీటప్పుడు ఈదికి ఒక మొకం, వచ్చీటప్పుడు ఇంకో మొకం. రెండూ సూసుకోవాల" అనేవాడు. ఒక్కసారి కూడా దారి తప్పలేదు.

మూడోనాడు పొగమంచు దిగింది. గోపురాలు లేవు, గొట్టాలు లేవు, వీధి అవతలి వైపే లేదు.

"నా గురుతులు పోనాయిరా. నీకు తెలుసన్నావు కదా, నడు" అన్నాడు. నేను నడిచాను. పూలమ్మే ఒకావిడను అడిగితే ఆవిడ పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. నేను తల ఊపి, "ఎడమకు తిరగమంది" అన్నాను. తిరిగాం. మళ్లీ తిరిగాం. ఇంకోసారి తిరిగేసరికి అదే పూలావిడ మా ఎదురుగా ఉంది. ఆవిడ నవ్వింది. గోడ మీది గడియారం రెండు దాటింది.

నూకరాజు సంచి కింద పెట్టాడు. "సూరీ, నాకేసి సూసి సెప్పు. ఆవిడేటన్నాదో నీకు తెలిసినాదా?"

రోడ్డు తవ్వేశారనో, ఆవిడే అబద్ధమాడిందనో చెప్పడానికి నాలుక మీద నాలుగు కథలు సిద్ధంగా ఉన్నాయి. కానీ అతని కళ్లల్లో కోపం లేదు, భయం ఉంది. తుపానుకు జడవని మనిషి కళ్లల్లో భయం చూడటం అదే మొదటిసారి.

"తెల్దు బావా" అన్నాను.

"ఊరి దారి?"

"అదీ తెల్దు. ఆ పుస్తకం మూడు పేజీలే సదివినాను."

చెంప పగులుతుందనుకున్నాను. అతను గట్టిగా ఊపిరి వదిలాడు. "అమ్మయ్య. ఇప్పుడు ఇద్దరికీ తెల్దు. ఇంక ఎతుకుదాం. నీకు తెలుసనుకుని నాను ఎతకడం మానీసినాను" అన్నాడు.

ఇళ్ల మధ్యగా ఒక కాలువ పోతోంది. నీళ్లు పారే వైపు వెళ్తే నది వస్తుందని నేను అటు కదలబోయాను. నూకరాజు నా సంచి పట్టుకుని ఆపి, గట్టు మీద కూర్చున్నాడు. నీళ్లలోకి దిగే రాతిమెట్లకేసి అలాగే చూస్తున్నాడు. గడియారం నడుస్తోంది, నాకు ప్రాణం పోతోంది. "ఆ మెట్టు ఇందాక పైకున్నాది, ఇప్పుడు ములిగిపోనాది. నీరు పోటు మీదున్నాది రా. నదిలోంచి కాలవలోకి ఎక్కతన్నాది. మనం దీనికి ఎదురెల్లాల" అన్నాడు. సముద్రం ఎక్కడో దూరాన ఉంది. దాని ఊపిరి ఆ ఊరి నడిబొడ్డున, ఒక రాతిమెట్టు మీద, అతనికి కనిపించింది.

నీటికి ఎదురుగా పరుగెత్తాం. మంచులోంచి నది వచ్చింది, గట్టు వెంట గుండ్రటి కట్టడం వచ్చింది. అడుగున అతను మళ్లీ బూట్లు విప్పాడు. ఈసారి నేనూ విప్పాను. మేము ఎక్కీ ఎక్కగానే ఓడ మెట్లు పైకి లాగేశారు.

"ఏటిరా ఇంతసేపు?" అన్నాడు సరంగు. నూకరాజు నోరు విప్పకముందే, తెలియని దారి తెలుసని నేను చెప్పడం వల్లనని చెప్పేశాను. సరంగు నన్ను ఎగాదిగా చూసి, "ఈడి నోట నిజమొచ్చినాదంటే ఈ రోజు తుపానొస్తాది, మోకులు బిగించండి" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ ఊరి మేయరు నాకు టీ ఇచ్చాడని చెప్తే మా ఊరివాళ్లు నమ్మారు. నది కింద నడిచానంటే మాత్రం లేచి వెళ్లిపోయారు. నూకరాజు ఒకసారి మా ఊరొచ్చి, "నడిసినాం" అని ఒక్క మాటంటే అందరూ నోళ్లు మూసుకున్నారు. అతను పోయి నాలుగేళ్లయింది. తమ్ముళ్లు ముగ్గురూ స్థిరపడ్డాకే పోయాడు.

కోతలు నేను మానలేదు, మానను కూడా. అయితే నా మాట పట్టుకుని ఎవరైనా అడుగు వెయ్యబోతుంటే మాత్రం నా నోరు తడబడుతుంది. కిందటి వానల్లో ఒక ఆటో మా టీ బడ్డీ ముందు ఆగింది. లోపల నొప్పులు పడుతున్న ఆడపిల్ల, పక్కన తల్లి. కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి, ఆటో దాటుతుందా అని డ్రైవరు అడిగాడు. బడ్డీలో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు, అన్నీ తెలిసినవాణ్ణి కదా. "తెల్దు నాయనా, ఉండు" అన్నాను. పంచె పైకి కట్టుకుని, చేతికర్రతో అడుగు తడుముకుంటూ, ఆటోకు ముందుగా నేను నీళ్లలోకి దిగాను.