ఢిల్లీ వాళ్లొస్తారని సున్నం కొట్టిన వీధి

ముందే చెప్పేయడం మర్యాద. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పొద్దున మా ఇంట్లో జెర్రి కనబడితే, నేను ఆఫీసుకు చేరేసరికి అది తాచుపాము అయి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు పడగ విప్పుతుంది. సాయంత్రం టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి అది నన్ను కరిచి, నేను చచ్చి, ఎలాగో మళ్లీ బతికి వచ్చి టీ తాగుతుంటాను. నా మాటల్లో మా ఆవిడ నమ్మేది పావు వంతు. "ఆ పావు కూడా మీ మీద నమ్మకంతో కాదు, పెళ్లయిపోయింది గనుక" అంటుంది. కనుక ఈ కింద రాసిన కొలతలన్నీ చదివేవాళ్లు తమ తమ ఓపికను బట్టి తగ్గించుకోవచ్చు. పూర్తిగా అల్లిన ముక్క ఏదో చివర నేనే ఒప్పుకుంటాను. ఇది నా జీవితంలో నేను చేసే మొదటి నిజాయితీ పని. ఈ మాట కూడా కాస్త పెంచిందే.

ఆ ఏడు తుపానుకు పెన్న పొంగి నెల్లూరులో పల్లపు వీధులన్నీ మునిగాయి. మామూలు మునక కాదు. రొయ్యల గుంటలు తెగి మా ఆఫీసు మెట్ల మీద రొయ్యలు ఎగిరాయి. ఒక్కొక్కటీ పొట్లకాయంత. సరే, బెండకాయంత. జువ్వలదిన్నె జాలర్ల పడవలను లారీల మీద తెప్పించాము. నడి సముద్రంలో గాలికి బెదరని మనుషులు, మా వీధుల్లో వేలాడే కరెంటు తీగలనూ నీళ్లలో దాగిన ఇనుప గేట్లనూ చూసి, "సారూ, ఇంతకంటే మాకు సముద్రమే నయం" అన్నారు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి పులిహోర పొట్లాలు వచ్చాయి. ఎంత పులిహోర అంటే, నీళ్లు దిగిన చాలా రోజులకు కూడా ఊళ్లో కాకులు పసుపు రంగులో తిరిగాయి.

నేను రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారును. ఆ ఆపదలో నాకు అప్పగించిన పనిని సమన్వయం అంటారు. పడవల వాళ్ల మాట అన్నం వాళ్లకు, అన్నం వాళ్ల మాట కరెంటు వాళ్లకు, అందరి తిట్లూ నాకు. రెండు ఫోన్లు, లెక్కలేనన్ని వాట్సాప్ గ్రూపులు. జనం మిద్దెల మీద చలికి వణుకుతున్న పూట కూడా ఆ గ్రూపుల్లో గులాబీ పువ్వు పెట్టి శుభోదయం చెప్పడం మానని అధికారులున్నారు. అది నేను పెంచి చెబుతున్నది కాదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

నీళ్లు దిగాక రెండు హుకుములు వచ్చాయి. పారిశుద్ధ్యం చూసే పెద్దాయన, "రోగాలు రాకముందే ఊరు అద్దంలా ఉండాలి. బురద ఎత్తండి, బ్లీచింగు చల్లండి, కాలవల పక్కన సున్నం పోయండి" అన్నాడు. నష్టాల లెక్క చూసే పెద్దాయన, "ఢిల్లీ నుంచి బృందం వస్తోంది. వాళ్లు కళ్లారా చూసేదాకా ఏదీ కదపొద్దు" అన్నాడు. విడివిడిగా చూస్తే ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరి గదులకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క గోడ. కానీ అటు నుంచి ఇటు మాట రావాలంటే అది ముందు రాజధానికి పోయి, అక్కడ నాలుగు రోజులు సత్రంలో ఉండి, తిరిగి రావాలి. నేను సమన్వయకర్తను గదా, ఆయన హుకుం ఈయన మనుషులకూ, ఈయన హుకుం ఆయన మనుషులకూ పంపించాను. అందరూ బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. సమన్వయం పూర్తయింది.

పెన్న కట్ట కింద ఒక చిన్న వీధి ఉంది. అందులో దూది ఏకి పరుపులు కుట్టే ముస్లిం దంపతులు ఉంటారు. మా పెళ్లి పరుపు కుట్టింది ఆయన తండ్రి. వాళ్లకు ముందు గదిలో దూది ఏకే మిషను, వెనక గదిలో కాపురం. వరద ఆ రెండింటినీ కలిపేసింది. దూది తడిసి ఏనుగు పిల్లంత బరువెక్కి, కుళ్లి, వీధి మొదట్లోకే కంపు కొట్టింది. మిషను మోటారు బురద తాగి కూర్చుంది. పనిముట్లు పోయిన చేతివృత్తుల వాళ్లకు కొత్తవి ఇప్పిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఒక్కటే షరతు: ఆ వీధి నష్టపోయిన వీధే అని ఢిల్లీ బృందం చూసి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మిషను. లేకపోతే లేదు. మిషను లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు.

"నిజంగా వస్తారా సార్?" అంది ఆమె.

"వస్తారక్కా. నేనే దగ్గరుండి తీసుకొస్తా."

"మా మిషను చూస్తారా?"

"చూడకుండా ఎట్లా పోతారు? నేను పోనిస్తానా?"

గుమ్మంలో కూర్చుని తడి దూది పిండుతున్న ఆమె భర్త తలెత్తాడు. "ఈయన మాట నమ్మబాక. మా నాయన కుట్టిన పరుపులో నూరు కిలోల దూది పట్టిందని ఊరంతా చెప్పుకోని తిరిగినాడు ఈయన. అంత దూదే గనక ఉంటే మంచంతో పాటు నేల గూడా ఇరిగి ఉండాల" అన్నాడు.

ఆ సాయంత్రం ఆటోకు మైకు కట్టించి వీధి వీధికీ తిప్పించాను. ఢిల్లీ నుంచి పెద్దలు రేపు మీ ఇళ్లకు వస్తున్నారు, అందరూ ఇళ్ల దగ్గరే ఉండండి అని. నేను రాసిన మాటలే, నా గొంతే.

మర్నాడు పొద్దున పోయి చూస్తే వీధి తెల్లగా మెరుస్తోంది. ఆ తెలుపుకు నా కళ్లద్దాలు పగిలినంత పనయింది. కాలవల పక్కన చల్లమని మేమే దించిన సున్నం బస్తాలను నీళ్లలో కలిపి, చీపుళ్లు ముంచి, ఇంటింటికీ గోడలకు కొట్టేశారు. వాకిళ్లు కడిగారు. కొందరు ముగ్గు కూడా వేశారు. కుళ్లిన దూదిని బండికెత్తించి, మిషనుకు నూనె పూసి, దాని మీద ఉతికిన దుప్పటి కప్పి, ఆమె నా కోసం గడప మీద ఎదురు చూస్తోంది.

"ఏందక్కా ఇది?"

"ఢిల్లీ నుంచి వస్తా ఉండారని చెప్పినారు గదా సార్. అంత దూరం నుంచి వచ్చే మనిషిని బురద కొంపలోకి రమ్మంటామా? మాకు ఆ మాత్రం తెలవదా?"

మా నష్టాల పెద్దాయన వీడియో కాల్లో వీధి చూపించమన్నాడు. చూపించాను.

"ఎవరి పెళ్లిల్లయ్యా అది?"

"ఇదే సార్, మునిగిన వీధి."

"మునిగితే గోడ మీద నీటి మరక ఏది? మరక లేకుండా నీళ్లొచ్చాయని వాళ్లెట్లా నమ్ముతారు?"

"మనం కళ్లారా చూశాం గదా సార్."

"చూసింది నువ్వు. రాసేది వాళ్లు. ఏం చేస్తావో చెయ్యి, మధ్యాహ్నానికల్లా అది వరదొచ్చిన వీధిలా ఉండాలి."

ప్రభుత్వాలు బురద తీయించడం మీరు చూసే ఉంటారు. పోయించడం చూశారా? నేను పోయించబోయాను. ముందురోజే ఆ వీధి నుంచి ఎత్తుకుపోయి ఊరవతల పారబోసిన బురదను ట్రాక్టరుకెత్తించి వెనక్కి పిలిపించాను. పారిశుద్ధ్యం మేస్త్రీ ట్రాక్టరు మీద నుంచి దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్న ఎత్తమన్నారు, ఎత్తినాము. ఈ పొద్దు పొయ్యమంటా ఉండారు. రేపు నాకమంటారా ఏంది సార్?"

తొట్టి వంచమని పరుపుల ఇంటి వైపు చెయ్యి చూపించాను. ఆమె గడపకు అడ్డంగా నిలబడింది.

"నా ఇంట్లో మళ్లీ బురద పొయ్యనియ్యను."

"ఒక్క పూటకే అక్కా. వాళ్లు పోగానే కడిగిస్తా."

"ఎవురు కడిగేది? మీరా? మూడు దినాలు నేనూ ఈయనా నడుములు పడిపోయేటట్టు తోడినాము. మా వీధిలో పసిబిడ్డలుండారు. ఆ కంపు మళ్లీ తెచ్చి మా మొగాన పోస్తారా?"

"మిషను వస్తాదంటే ఒక పూట బురదలో ఉంటే ఏమాయ?" అన్నాడు భర్త, తనలో తను అనుకుంటున్నట్టుగా.

ఆమె అతని వైపు చూసింది. తర్వాత దుప్పటి కప్పిన మిషను వైపు చూసింది.  మేస్త్రీ బీడీ వెలిగించుకున్నాడు. చివరికి ఆమె వాకిట్లోకి వచ్చి, ట్రాక్టరు తొట్టిలో పాత గుడ్డ ముంచింది. "మరక గావాల. అంతే గదా? మరక నేనే పెడతా. బండి వెనక్కి పంపించండి."

వీధి వీధంతా చేరింది. నీళ్లు ఎంత దాకా వచ్చాయన్న దాని మీద రగడ మొదలైంది. ఒకాయన రొమ్ము దాకా అన్నాడు. ఇంకొకావిడ మెడ దాకా అంది. ఈత రాని ఒక ముసలాయన తన నెత్తి మీదుగా పోయాయన్నాడు, ఇప్పుడాయన ఎట్లా మాట్లాడుతున్నాడో ఎవరూ అడగలేదు. అట్లాంటి చోట నేనెందుకు ఊరుకుంటాను?

"అక్కా, ఇంకో జానెడు పైకి గియ్యి. ఢిల్లీ వాళ్లకు కొంచెం గట్టిగా కనబడాల."

ఆమె చెయ్యి ఆపలేదు. ముందు గది గోడకు నడుముకు కాస్త పైన, కరెంటు ప్లగ్గుకు సమానంగా గుడ్డ ఆనించి, ఆ గోడ మొదటి నుంచి చివరి దాకా తిన్నగా గీసింది.

"వచ్చినదానికంటే ఎక్కువ ఎందుకు సార్? వచ్చింది చాల్లేదా?"

నన్ను ఎంతోమంది అబద్ధాలకోరు అన్నారు. ఎవరి మాటా అట్లా తగల్లేదు.

మధ్యాహ్నం దాటాక బండ్లు వచ్చాయి. మొదటి బండి కట్ట మీద ఉంటే చివరిది ఇంకా గూడూరు దాటలేదు, అన్ని బండ్లు. నేను కట్ట మీదికి పరుగెత్తి రెండు చేతులూ ఎత్తాను. మూడో బండి ఆగింది. తెల్ల జుట్టు పెద్దమనిషి ఒకడు దిగాడు. ఖరీదైన బూట్లు. ఆ బూట్లతోనే వీధి కడదాకా నడిచాడు. గడప దగ్గర ఆగి బూట్లు విప్పబోతే ఆమె వద్దంది, అయినా విప్పాడు. ఆయన హిందీలో ఏదో అడిగాడు. సాయిబుల ఇల్లు గనుక హిందీ వస్తుందిలే అనుకుని నేను ఆమె వైపు చూశాను. "నాకు తెలుగొకటే సార్, మా జేజమ్మకి గూడా తెలుగే" అంది. అయినా నా అవసరం పడలేదు. ఆయన మరక మీద వేలు పెట్టి కళ్లెత్తి చూస్తే, ఆమె అదే ఎత్తున తన నడుము దగ్గర అరచెయ్యి ఆనించి చూపించింది. దుప్పటి తీసి మోటారు తిప్పింది. లోపల నుంచి బురద నీళ్లు కారాయి. ఆయన తల పంకించాడు. పక్కనున్న కుర్రాఫీసరు చేత రాయించాడు. ఆమె ఇచ్చిన టీ నిలబడే తాగి, గ్లాసు కింద పెట్టకుండా ఆమె చేతికే ఇచ్చాడు.

ఇదీ నేను అల్లింది. బండి ఆగలేదు.

కట్ట మీద నేను చేతులెత్తి నిలబడిన మాట నిజం. బండ్లు వచ్చిన మాట నిజం, గూడూరు దాకా కాదు, పదో పన్నెండో. ఒక్కదాని అద్దం కూడా దిగలేదు. ముందున్న జీపులోంచి ఒక చెయ్యి మాత్రం బయటికొచ్చి, పక్కకు తప్పుకోమన్నట్టు ఊగింది. ఫోన్ చేస్తే మా నష్టాల పెద్దాయన, "టైము లేదయ్యా, ఫోటోలు కలెక్టరాఫీసు హాల్లో పెట్టాం, అక్కడే చూపించేస్తున్నాం" అన్నాడు. నేను హాలుకు చేరేసరికి బృందం బోర్డుల ముందు నిలబడి ఉంది. మా వీధి ఫోటో వాటిలో ఉంది. మరక గియ్యకముందు, పొద్దున పారిశుద్ధ్యం వాళ్లు తీసిందే. పారిశుద్ధ్యం పెద్దాయన తన విభాగం బోర్డు మీద పెట్టించాడు. సున్నం కొట్టిన గోడలు, కడిగిన వాకిళ్లు, ముగ్గులు. కింద పెద్ద అక్షరాలతో, సాధారణ స్థితికి వచ్చిన వీధి అని ఉంది. ఢిల్లీ బృందం నాయకుడు దాన్ని బాగా మెచ్చుకున్నాడట. నష్టపోయిన వీధుల్లో ఇది లేదని రాసుకుపోయారు.

తర్వాత నేను ఆ రెండు గదులకూ ఎన్నిసార్లు తిరిగానో చెప్పను, చెబితే పెంచుతాను. ఒక గదిలో, "నువ్వే గదయ్యా శుభ్రం చేయించావు" అన్నారు. రెండో గదిలో, "శుభ్రం చేయించినందుకు నీకు ప్రశంసాపత్రం రాయిస్తున్నాం" అన్నారు. రాయించారు కూడా. అది ఇప్పుడు మా ఇంట్లో టీవీ పైన ఉంది. మా ఆవిడ దుమ్ము దులుపుతుంది, చదవదు.

మిషను రాలేదు. ఆయన సైకిలు మీద ఊరూరా స్పాంజి దిండ్లు అమ్ముతున్నాడు. ఆమె కృష్ణపట్నం వైపు ఒక కంపెనీ క్యాంటీనులో గిన్నెలు తోముతోంది. మొన్న పొద్దున కంపెనీ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉంటే కనిపించింది. నేను స్కూటరు ఆపాను.

"బాగుండావా అక్కా?"

"బాగుండాను సార్. మీ ఇంట్లో అందరూ బాగుండారా?"

బాగున్నారన్నాను.  

"ఇంకోసారి ఎవురన్నా వస్తా ఉంటే మా వీధికి చెప్పబాకండి సార్" అంది, కోపం లేకుండా, పాలవాడికి రేపు పాలొద్దని చెప్పినట్టు.

బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది.