మాసయ్య చెవి

నారాయణగూడ చౌరస్తా దగ్గరి శ్రీపతి రేడియో దుకాణంలో మాసయ్య పదహారేళ్లుగా కూర్చుంటున్నాడు. అంతకుముందు సికింద్రాబాదు మిలిటరీ వర్క్‌షాపులో వైర్‌లెస్ సెట్లు బాగుచేశాడు. అక్కడినుంచి వస్తూ ఒక పాత హెడ్‌ఫోను తెచ్చుకున్నాడు. నల్లటి బిళ్లలు, గుడ్డ తొడుగు తీగ, నెత్తిమీద ఇనుప పట్టీ. ఏ సెట్టు వచ్చినా అది తగిలించుకుని, కళ్లు మూసుకుని, స్టేషను వెనక వచ్చే సన్నటి ఈల పోయేదాకా స్క్రూ తిప్పేవాడు. మీటరు వాడడం అతనికి నామోషీ. చిక్కడపల్లిలో ఒక కిరాయి గది, హోటల్లో రెండు పూటల భోజనం. తనదని చెప్పుకోవడానికి ఆ చెవి తప్ప ఇంకేమీ లేదు.

అరవై తొమ్మిది వేసవిలో కాలేజీలు మూతపడి, రోడ్డుమీద ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులు నడుస్తున్న రోజుల్లో, ఒకే వారంలో మూడు సెట్లు వాపసు వచ్చాయి. మూడింటిలోనూ సన్నటి ఈల.

“నాకు గూడ వినబడుతుంది మాసన్నా,” అన్నాడు శ్రీపతి. “నీకు వినబడతలేదా?”

“స్టేషనుదే ఖరాబు సేఠ్.”

“గట్లయితే అన్ని సెట్లల్ల రావాలె గద.” శ్రీపతి సెట్టు ఆపేసి అన్నాడు. “తీగెలకు అతుకులేసేటోళ్లు మస్తుమంది దొరుకుతరు. నిన్ను పెట్టుకున్నది చెవి కోసం. అది గూడ పోతే నేనేం జేయాలె, నువ్వే చెప్పు.”

మాసయ్య మూడో సెట్టు మూత మళ్లీ విప్పాడు.

ఆ శనివారం సాయంత్రం అశోక్‌నగర్ నుంచి జగన్నాథరావు వచ్చాడు. కాకినాడ మనిషి, ఏదో సర్కారు ఆఫీసులో ఇంజనీరు. వెంట భార్య హైమవతి. రిక్షాలోంచి రికార్డు ప్లేయరు దింపించి, పెట్టెలోంచి కొత్త హెడ్‌ఫోను తీశాడు. బావమరిది సింగపూరు నుంచి తెచ్చాడట. దాని ధర చెప్పగానే దుకాణం ముందు చాయ్ తాగుతున్నవాళ్లు దగ్గరికి వచ్చారు.

“మా ఆఫీసులో అందరూ దండగంటున్నారండీ,” అన్నాడతను. “పాతవాటికీ దీనికీ తేడా ఉందో లేదో మాసయ్యగారే తేల్చాలి. మీ మాటంటే ఎవరూ కాదనరు.”

శ్రీపతి మాసయ్య వైపు చూశాడు. ఆ చూపు మాసయ్యకు అర్థమైంది.

వయొలిన్ కచేరీ రికార్డు పెట్టారు, వెనక కంజీర ఉన్నది. మాసయ్య తన పాతది తగిలించుకుని విన్నాడు. తీసి కొత్తది పెట్టుకున్నాడు. చెవికి మెత్తగా ఉంది. శబ్దం కొంచెం నిండుగా ఉంది, అంతే. మళ్లీ పాతది. మళ్లీ కొత్తది. ఎంత వెతికినా అంతకు మించి తేడా దొరకలేదు. ఉన్నమాటే చెప్పాడు.

“రెండు ఒక్కటే. మెత్తలకు పైసలు పెట్టిన్రు సారు.”

జనం గొల్లున నవ్వారు. “కోస్తాల పైసలు చెట్లకు కాస్తయేమో!” అన్నాడొకడు. జగన్నాథరావు ముఖం ఎర్రబడింది.

“ఒక్కసారి ఇలా ఇవ్వండి,” అంది హైమవతి. పాతది విని, కొత్తది విని తల ఎత్తింది. “కంజీర బిళ్లలు గలగలమంటున్నాయి కదండీ ఇందులో. పాతదాంట్లో చర్మం మీది దెబ్బ ఒక్కటే ఉంది. మీరు ఇంకోసారి వినండి.”

మాసయ్య కొత్తది తగిలించుకున్నాడు. ఆమె రికార్డు మీది ముల్లును వెనక్కి జరిపి, అతను పెట్టుకున్నదానికి తన చెవి దగ్గరగా వంచి, బల్లమీద వేలు తట్టింది.

“ఇదిగో... ఇక్కడ. మళ్లీ ఇక్కడ. విన్నారా?”

ఆమె వేలు పడ్డప్పుడల్లా మాసయ్యకు తోలుమీది దెబ్బ వినిపించింది. దాని వెంట ఏమీ లేదు. మిలిటరీ వర్క్‌షాపు దసరా భజనల్లో కంజీర వాయించింది అతనే. ఆ బిళ్లలు ఎట్లా మోగుతాయో అతనికి తెలుసు. ఇప్పుడు అవి మోగుతున్నాయి, పక్కన వంగి నిలబడ్డ మనిషికి కూడా అందుతున్నాయి. తనకు అందడం లేదు. ఆ మూడు రేడియోలూ ఈల వేస్తూనే ఉన్నాయన్నమాట.

అతను ఆమె వేలినే చూస్తున్నాడు. ఆమె అది గమనించింది. వేలు ఆగింది.

“ఏమన్నా, వినబడ్డదా?” అన్నాడు శ్రీపతి.

మాసయ్య నోరు తెరిచేలోగా హైమవతి అంది, “లేదులెండి. నేనే పొరబడ్డాను. ఆయన చెప్పిందే నిజం.”

“అదేంటి, నువ్వే కదా ఇప్పుడు...” అన్నాడు భర్త.

“పదండి, పోదాం.”

బయట చప్పట్లు మోగాయి. “మాసన్నతోని పెట్టుకుంటే గట్లనే అయితది!” “కాకినాడల వినుకోమను పో!” రికార్డు ప్లేయరు మళ్లీ రిక్షా ఎక్కేదాకా అరుపులు ఆగలేదు. జగన్నాథరావు ఎవరివైపూ చూడలేదు. నిజం చెప్పడానికి మాసయ్యకు రిక్షా కదిలేదాకా వ్యవధి ఉంది. అతను హెడ్‌ఫోను తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. జాలిపడి తనకు దొంగ గెలుపు అప్పజెప్పి పోయింది.

సోమవారం పొద్దున శ్రీపతి అతని బల్లను వీధివైపు, అందరికీ కనబడేలా వేయించాడు. ఈలల సంగతి మళ్లీ ఎత్తలేదు.

“మొన్న నా ఇజ్జత్ నిలబెట్టినవన్నా. ఇగ నుంచి అతుకులు గితుకులు ముట్టకు. దానికి ఇంకొకణ్ని పెడ్త. నువ్వు వినుడే నీ పని.”

“సరే సేఠ్.”

మొదటి సెట్టు రాంనగర్ నుంచి పాత బేరం సుబ్బులు తెచ్చింది. ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. మాసయ్య హెడ్‌ఫోను పక్కన పెట్టి, సెట్టు గొంతు పెంచి, స్క్రూ తిప్పుతూ ఆమె ముఖం చూశాడు. ఆమె కనుబొమలు ముడిచింది. ఇంకాస్త తిప్పాడు. పళ్లు గిట్టకరిచింది. వెనక్కి తిప్పాడు, మెల్లగా. నుదురు సర్దుకుంది. అక్కడ ఆపాడు.

“మంచిగైంది మాసన్నా. గందుకే నీ దగ్గరికే తెచ్చిన.”

ఆమె డబ్బులిచ్చి వెళ్లింది. తరువాతి సెట్టు యజమాని దాన్ని బల్లమీద పెట్టి, ఆఫీసుకు ఆలస్యమైందని, సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు. మాసయ్య స్క్రూ మీద చెయ్యి వేసి, ఎదురుగా ఖాళీ స్టూలు వైపు చూశాడు.