మానుపిల్లికి పళ్ళెక్కువ

అరవైల చివర్లో విజయనగరంలో బీఎస్సీ చదువుతూ, నా అంతటి జంతుశాస్త్రవేత్త చీపురుపల్లి చుట్టుపక్కల పుట్టలేదని నమ్మేదాన్ని. నమ్మేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి ఆ పని కూడా నేనే చేసుకునేదాన్ని.

ఎమ్మెస్సీకి వాల్తేరు వెళ్తానంటే నాన్న ఔననలేదు, కాదనలేదు. మా లెక్చరరు గారిని కలిసి, ఆయన మాటను బట్టి పంపుతానన్నాడు. ఇంకేం, ఆయన ముందు ఇంటి పిల్లి పుర్రెనీ అడవి పిల్లి పుర్రెనీ పోల్చి చూపించి మెప్పు కొట్టేద్దామనుకున్నాను.

ముసలిదై చచ్చిపోయిన మా పిల్లి పుర్రె పెరట్లో తవ్వితే దొరికింది. రెండోదానికి, మా తాటితోపులో చెట్లెక్కి తిరిగే మానుపిల్లి ఒకటి చచ్చిపడి ఉంటే దాని తల తెచ్చి, అమ్మ ఊళ్ళో లేని రోజు చూసి పప్పుకుండలో ఉడకబెట్టాను. వాసన మాత్రం అమ్మ వచ్చేదాకా ఆగింది. ఆవిడ కుండను పెరట్లోకి గిరాటేసి, నాతో మాట్లాడడం మానేసింది.

లెక్చరరు గారి గదిలో, నాన్న పక్కనుండగా, ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇంటి పిల్లికి మూతి పొట్టి, కంటి గూళ్ళు పెద్దవి. అడవి పిల్లికి మూతి పొడుగు, దవడ పళ్ళు ఎక్కువ, అవీ మాంసం కోసేలా కాక పండు నలిపేలా మొద్దుగా ఉన్నాయి. కాబట్టి మన ఇళ్ళల్లో పాలన్నం తిని తిని పిల్లికి మూతి కుదించుకుపోయి పళ్ళు తగ్గిపోయాయని తేల్చేశాను.

ఇది పిల్లి అని ఎవరు చెప్పారని ఆయన అడిగారు. పేరులోనే పిల్లి ఉంది కదండీ అన్నాను. మానుపిల్లి అసలు పిల్లి జాతే కాదనీ, మనవాళ్ళు అలవాటుగా అలా పిలుస్తారనీ, నిజం అడవి పిల్లి పుర్రె అయితే ఇంటి పిల్లి పుర్రెకి అన్నలా ఉండేదనీ చెప్పారు. ఆయన నవ్వి ఉన్నా బాగుండేది. నా వాల్తేరు ఆ బల్ల మీదే పోయిందనుకున్నాను.

అప్పుడు నాన్న అడిగాడు. "మరి ఆ మూతీ ఆ పళ్ళూ, మా అమ్మాయి సెప్పినట్టే ఉన్నాయా బాబూ?"

ఉన్నాయనీ, చూసిందంతా సరిగ్గానే చూసిందనీ ఆయన ఒప్పుకున్నారు.

ఇంటికి రైలెక్కాం. కూర్చున్నాక నాన్న అన్నాడు. "పేరు తప్పెట్టినోళ్ళం మనందరం. సూసింది నువ్వొక్కదానివే. ఎల్లు."

నెల్లిమర్ల దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఇంటికెళ్ళి చెబితే, అమ్మ పెరట్లో ఇంకా పడి ఉన్న కుండ వైపు చూసి, అన్నాళ్ళ తర్వాత నాతో మొదటి మాట అంది.

"ఒలే, ఆ కుండ కూడా అట్టుకెళ్ళు. అక్కడ ఏటి వండుకుంటావో నాను సూడక్కర్నేదు."